నాలుగు దెబ్బల ఖాళీ

బ్రాడీపేటలో ఒక ఫంక్షన్ హాలు పై అంతస్తులో ఆదివారం సాయంత్రాలు కరోకే క్లబ్బు నడుస్తుంది. అక్కడి మైకుకు ఒక నల్ల స్పాంజి తొడుగు ఉంటుంది. మొదటిసారి వెళ్లినప్పుడు దాన్ని దగ్గర నుంచి చూశాను. అంతమంది నోటి తుంపర పీల్చుకుని, వక్కపొడి వాసనా పాత కాఫీ వాసనా కలిపి కొడుతూ, తడిసిన ఎలుకలా ఉంది. ఒకాయన పాట ముగించి దాన్ని అరచేత్తో తుడిచి పక్కాయనకు అందించాడు. ఆ పక్కాయన దాన్ని పెదాలకు ఆనించుకుని విరహగీతం ఎత్తుకున్నాడు. లేచి వెళ్లిపోదామనుకున్నాను. అయినా కూర్చున్నాను, అవసరం నాది కాబట్టి.

నేను వెళ్లింది పాడటానికి కాదు. నా దగ్గర శాక్సఫోన్ ఉంది. ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పుకునే మనిషిని, నలభై ఆరో ఏట విజయవాడ వెళ్లి దాన్ని కొనుక్కొచ్చాను. ఎందుకు కొన్నావని అడిగితే ఈ రోజుకీ సరైన జవాబు లేదు. చిన్నప్పుడు పెళ్లి బ్యాండులో దాని మెరుపు చూసి నోరు తెరుచుకుని నిలబడ్డ గుర్తు తప్ప. కొట్లో అమ్మే మనిషి ఊది చూపించి, నోట్లోంచి తీసి, చేతికిచ్చాడు. నేను అలాగే నోట్లో పెట్టుకుని ఊదాను. గేదె ఈనుతున్నట్టు ఒక శబ్దం వచ్చింది. ఆనందంతో ఒళ్లు జలదరించింది.

తర్వాత ఐదేళ్లు ఊదాను. ఫోనులో పాఠాలు చూశాను, ఒక రిటైరైన బ్యాండు మాస్టారి దగ్గర ఆరు నెలలు నేర్చుకున్నాను. పాత పాటలు ఓ ముప్పై వచ్చాయి. కానీ ఆ ఐదేళ్లలో ఒక్క మనిషితోనూ కలిసి వాయించలేదు. నేను ఊదుతుంటే ఇంకొకరు విని, దానికి తగ్గట్టు ఏదో ఒకటి వాయించాలి. నాకున్న కోరిక అదొక్కటే. తబలా అయినా సరే, గిటారు అయినా సరే, కంచం మీద గరిటె అయినా సరే.

మాది పౌరోహిత్యం చేసుకునే ఇల్లు. ప్రత్తిపాడు చుట్టుపక్కల ఊళ్లలో నాన్న చేయించని పెళ్లి తక్కువ. మా ఇంట్లో మంచినీళ్లు ఎత్తి పోసుకునే తాగేవాళ్లం, గ్లాసు పెదవికి తగిలితే అది ఎంగిలి. అలాంటి ఇంట్లో పుట్టినవాడు గొట్టం నోట్లో పెట్టుకుని గంటసేపు చప్పరిస్తుంటే ఇంట్లోవాళ్లకు ఎలా ఉంటుంది? శాక్సఫోన్ నోటి దగ్గర రీడ్ అని ఒక వెదురు పలక ఉంటుంది. ఊదే ముందు దాన్ని తడపాలి. ఊదాక గొట్టం వంచితే లోపల చేరిన తడి కారుతుంది. అది చూసి మా ఆవిడ మొదటి రోజే శాసనం చేసింది.

"ఆ మూతి ముక్క వంటింటి సింకులో కడిగారంటే ఊరుకోను. బాత్రూంలో కడుక్కోండి. ఈ గ్లాసు దానికే. మళ్లీ అల్మారాలోకి రాకూడదు."

నేను ఆవిడను తెగ వెక్కిరించేవాణ్ణి. ఏ కాలంలో ఉన్నావే అనేవాణ్ణి. సంగీతానికి ఎంగిలేమిటి, వేణువు ఊదే దేవుడి మూతి ఎవరు కడుగుతున్నారు అని కాలేజీలో పాఠం చెప్పినట్టు చెప్పేవాణ్ణి. గురివింద గింజ సామెత ఆవిడకు తెలియక కాదు, పోనీలే అని ఊరుకుంది.

తోడు దొరకనివాడికి ట్రాకులే గతి. పాటలోంచి గొంతు తీసేసి మిగతా వాద్యాలు ఉంచితే అది ట్రాకు. నెట్లో వేలు దొరుకుతాయంటారు. దొరుకుతాయి, చెత్తకుండీలో అన్నం దొరికినట్టు. గొంతు తీశామంటారు గానీ బావిలోంచి ఎవరో పిలుస్తున్నట్టు లోపల ఆ గొంతు మూలుగుతూనే ఉంటుంది. లేదా ఎవడో కీబోర్డు మీద నాలుగు బటన్లు నొక్కి, తబలా బదులు డబ్బాలో రాళ్లు పోసి కుదిపినట్టు చేసి, పైన 'ఒరిజినల్ క్వాలిటీ' అని రాస్తాడు. శ్రుతి సంగతి ఇక చెప్పక్కర్లేదు. నా వాద్యంలో 'సి' స్వరం ఊదితే కీబోర్డులో 'ఇ-ఫ్లాట్' పలుకుతుంది. గాయకుడి సౌకర్యానికి పెట్టిన శ్రుతిలో నేను ఊదాలంటే వేళ్లు మెలికలు తిరుగుతాయి. యాప్‌లో శ్రుతి మారుద్దామంటే వయొలిన్లు దోమల్లా ఏడుస్తాయి. ఆడలేక మద్దెల ఓడు అన్నాడట అని మీరు అనవచ్చు. అనండి. ఒకసారి ఆ ట్రాకులు వినండి, తర్వాత అనండి.

వాటిలో ఒక్కటి మాత్రం బాగుండేది. మోహన రాగంలో నిదానంగా నడిచే ఒక పాత పాట. నిజమైన మనుషులు వాయించిన ట్రాకు. అయితే అది నమూనా. చరణం మధ్యలో, సరిగ్గా నేను ఊపిరి పట్టి పై స్వరం అందుకునే చోట, ఒక ఆడగొంతు వచ్చి "పూర్తి ట్రాకు కొరకు మమ్మల్ని సంప్రదించండి" అనేది. నాలుగు తాళం దెబ్బల సేపు. నేను కొననూ లేదు, మానుకోనూ లేదు. ఆ గొంతు వచ్చేచోట ఆగి, అది పోయాక అందుకోవడం అలవాటు చేసుకున్నాను. ఏడాది తిరిగేసరికి ట్రాకు లేకుండా ఊదినా అక్కడ ఆగేవాణ్ణి. నా పాటలో ఆవిడ కాపురం పెట్టింది.

మేడ మీద సాధన చేద్దామంటే అదో నరకం. ఎండాకాలం వచ్చిందంటే మా అపార్టుమెంటు వాళ్లంతా ఏడాదికి సరిపడా మిరపకాయలు అక్కడే ఆరబోస్తారు. శాక్సఫోన్‌కు పొట్ట నిండా గాలి పీల్చాలి. ఆ ఘాటులో ఒక్కసారి పొట్ట నిండా పీల్చి చూడండి. కన్నీళ్లు కారుతూ, దగ్గుతూ, ట్యాంకు వెనక కూలబడి, ఆ ఫోనులోంచి వచ్చే డబ్బా తాళం వింటూ, ఛీ, ఇదేం బతుకని ఎన్నిసార్లు అనుకున్నానో.

అందుకే ఆ క్లబ్బుకు వెళ్లాను. అక్కడ ఎవరూ ఎవర్నీ వినరు. ఒకాయన పాడుతుంటే మిగతావాళ్లు తలలు వంచి, ఫోనుల్లో తమ పాట సాహిత్యం వెతుక్కుంటుంటారు. పాట అయిందని శబ్దం ఆగితే తెలుస్తుంది, అప్పుడు చప్పట్లు కొడతారు. "మేం పాడేటప్పుడు మధ్యలో వచ్చే బిట్లు వాయించండి సార్" అన్నారు. సరే అని వాయిస్తే, "ట్రాకులో అది ఆల్రెడీ ఉందిగా, రెండూ కలిసి గోలగా ఉంది" అన్నారు. పోనీ ఒక పాట నేనే వాయిస్తానంటే, "పాడేవాళ్ల టైము పోతుంది సార్" అన్నారు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. నాలుగు ఆదివారాలు చూసి మానేశాను.

ఆ క్లబ్బువాళ్ల ద్వారానే నా గురించి తెలిసి మా కాలేజీ సహోద్యోగి ఒకాయన వాళ్లమ్మాయి పెళ్లిలో వాయించమన్నాడు. అమరావతి రోడ్డులో పెద్ద హాలు. ఎగిరి గంతేసినంత పని చేశాను. తీరా వెళ్తే ఈవెంటు వాళ్లు నాకో తెల్లకోటు తొడిగించారు. అందులో అంతకుముందు ఎవడు చెమటోడ్చాడో, చంకల దగ్గర పసుపు మరకలు. మేనేజరు వచ్చి నా శాక్సఫోన్ మీద చెయ్యి వేశాడు.

"సార్, మీరు ఊదక్కర్లేదండి. ట్రాక్ స్పీకర్లో వచ్చేస్తుంది. పెళ్లికూతురు నడిచి వస్తుంటే మీరు నోట్లో పెట్టుకుని ఇలా ఊగితే చాలు. వీడియోకి."

"నిజంగా ఊదితే ఏమవుతుంది?"

"తప్పు పడితేనో సార్? ఎందుకొచ్చిన రిస్కు."

సహోద్యోగి ముఖం చూసి తిరిగి రాలేకపోయాను. యాభై ఏళ్లు దాటినవాణ్ణి, నా దగ్గర చదువుకునే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు కూర్చుని చూస్తుండగా, నోట్లో గొట్టం పెట్టుకుని కోతిలా ఊగాను. ఊపిరి వదల్లేదు గానీ వేళ్లు మాత్రం సరిగ్గానే వేశాను. అంతకంటే తిరగబడటం నాకు చేతకాలేదు. నామీద నాకే రోత పుట్టింది.

తర్వాత ముహూర్తం. పురోహితుడు చెయ్యెత్తి చూపుడువేలు గాలిలో ఆడించాడు. వెంటనే సన్నాయి, డోలు ఒక్కసారిగా గట్టిమేళం అందుకున్నాయి. తాళి కట్టేటప్పుడు ఎవరి తుమ్మూ ఏడుపూ వినపడకూడదని అలా వాయిస్తారు. నాన్న కూడా అంతే. మంత్రం చదువుతూనే, తల తిప్పకుండా, వేలు ఒక్కటి పైకి లేపేవాడు. మేళం వాళ్లు ఎక్కడున్నారో చూసేవాడు కాదు. చూడాల్సిన పనిలేదు, వాళ్లే ఆ వేలు కోసం చూస్తుండేవాళ్లు.

భోజనాలయ్యాక డోలు వాయించినాయన నా దగ్గరకొచ్చాడు. అరవై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, డోలు కోసం వేసుకునే తొడుగుల రాపిడితో కుడిచేతి వేళ్లు కాయలు కాసి ఉన్నాయి.

"మాస్టారూ, మీరు వేళ్లు సరిగ్గా వేశారండి. మరి ఊదలేదేం?"

ఆ హాల్లో అన్ని వందల మందిలో చూసింది ఈయనొక్కడే. ఉన్నదంతా చెప్పాను. నాన్న పేరు చెబితే గుర్తుపట్టాడు.

"మీ నాన్నగారి పెళ్లిళ్లకు చాలా వాయించానండి. ముఖం అంత గుర్తు లేదు గానీ ఆయన వేలు గుర్తు. కొస కాస్త వంకర, కదండీ?"

అవును, వంకరే. ఆ మాటకు ఇద్దరం నవ్వాం.

"మా అన్న సన్నాయి. నలభై ఏళ్లు ఆయన ఊపిరి ఒక్కటే విన్నాను. ఆషాఢం వస్తోందిగా, పెళ్లిళ్లుండవు, ఖాళీ. రండి, కూర్చుందాం" అన్నాడు.

ప్రత్తిపాడు వెళ్లే దారిలో ఒక జిన్నింగ్ మిల్లు ఉంది. పత్తి రావడానికి ఇంకా నెలల టైముంది కాబట్టి మూసే ఉంది. వాచ్‌మన్ ఆయనకు బంధువు. ఆషాఢంలో మొదటి గురువారం ఉదయం స్కూటరు మీద వెళ్లాను. రేకుల షెడ్డు, మూలల్లో నిరుటి దూది పోగులు. ఆయన బోషాణం మీద కూర్చుని డోలు ఒళ్లోకి తీసుకున్నాడు. నేను ఆ మోహన రాగం పాటే ఎత్తుకున్నాను.

ఏం చెప్పను. నేను తడబడితే ఆయన నెమ్మదించాడు. నేను పరుగెత్తితే నవ్వుతూ కళ్లతోనే వెనక్కి లాగాడు. పెద్ద డోలు, ఊరంతా వినపడేది, నా చిన్న స్వరం దగ్గర వేళ్ల కొసలతో మాత్రమే పలికింది. ట్రాకు ఏనాడూ నా కోసం ఆగలేదు. ఈయన ఆగుతున్నాడు. చరణం దగ్గరికి వచ్చాను, అలవాటు ప్రకారం ఆగాను.

ఆయనా ఆపి చూశాడు. "అదేంటండీ, అక్కడ నిలబడిపోయారు? ఎవరి కోసం?"

సంప్రదించండి అనే గొంతు గురించి చెప్పాను. నవ్వి నవ్వి ఆయనకు దగ్గొచ్చింది.

"అయితే ఆ ఖాళీ నాకిచ్చెయ్యండి" అన్నాడు. మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి నేను ఆగగానే ఆ నాలుగు దెబ్బల్లో ఒక చిన్న ముక్తాయింపు వేసి, పై స్వరానికి నన్ను చేత్తో ఎత్తి నిలబెట్టినట్టు నిలబెట్టాడు. స్వరం పడింది. ఐదేళ్లలో అంత నిండుగా ఎప్పుడూ పడలేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

వాచ్‌మన్ టీ తెచ్చాడు. మిల్లు గ్లాసుల్లో అందరం కలిసి తాగాం. చూడు, ఎంత మారిన మనిషినో అని నన్ను నేను మెచ్చుకున్నాను. టీ తాగినందుకు మెచ్చుకోలు! ఆ ముచ్చట ఇప్పుడు తలుచుకుంటే అన్నిటికంటే అదే ఎక్కువ అసహ్యంగా ఉంటుంది.

అలా మూడు గురువారాలు గడిచాయి. ఒకసారి పాట ముగింపుకు సైగగా తెలియక వేలెత్తాను. ఆయన చేతులు వాటంతట అవే గట్టిమేళం అందుకున్నాయి. షెడ్డు రేకులు అదిరిపోయాయి, దూలాల మీది పావురాలు లేచిపోయాయి. "ఆ వేలు చూస్తే ఆగలేనండీ, ఏం చేయను" అన్నాడు. ఆ రోజు ఇల్లు చేరేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను.

నాలుగో గురువారం ఆయన నా శాక్సఫోన్ వంక చూస్తూ, "ఓసారి ఇటివ్వండి మాస్టారూ. చిన్నప్పుడు సన్నాయి ఊదేవాణ్ణి. దెబ్బ తగిలి ముందుపళ్లు కదిలాక డోలుకు మారాను" అన్నాడు. ఇచ్చాను. మొదట కీచుమంది. తర్వాత ఒకే ఒక్క స్వరం పట్టి నిలబెట్టాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఆ స్వరం వణకలేదు, పక్కకు జరగలేదు. నేను ఐదేళ్లు వెతుక్కున్న శబ్దం అది. అయ్యాక సంతోషంగా, కాస్త సిగ్గుగా నవ్వి, వాద్యాన్ని నా చేతికిచ్చాడు. "ఊఁ, అందుకోండి, మన పాట" అన్నాడు.

మూతి దగ్గర తడి మెరుస్తోంది. నేను అందుకోలేదు. నా చెయ్యి జేబులోకి పోయి రుమాలు తీసింది. తుడిచాను. చాలదనిపించింది. మూతి ముక్క విప్పి, కుళాయి దగ్గరకు వెళ్లి కడిగాను. అదీ చాలలేదు. రీడ్ తీసి పెట్టెలో పడేసి కొత్తది బిగించాను. "రీడ్ పాతబడిందండీ" అని అన్నాను కూడా. అది రెండు రోజుల క్రితం మార్చిన రీడ్. ఇదంతా రెండు మూడు నిమిషాలు పట్టి ఉంటుంది. ఆయన డోలు మీద చేతులు పెట్టుకుని నా పనంతా చూస్తూ కూర్చున్నాడు.

"శుభ్రంగా కడుక్కోండి మాస్టారూ. తప్పేముంది" అన్నాడు.

శుభ్రం కోసమేనని నాకు నేను చెప్పుకోబోయాను. ఏ డాక్టరునడిగినా కడుక్కోమనే చెబుతాడు. కానీ విజయవాడ కొట్లో అమ్మే మనిషి నోట్లోంచి తీసి ఇస్తే, తడి తడిగానే నోట్లో పెట్టుకున్నానుగా. రుమాలు గుర్తుకే రాలేదుగా. ఆ మనిషి ఎవరో నాకు తెలియదు. ఈయన ఎవరో తెలుసు. తేడా అదొక్కటే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నేను వెక్కిరించిన మా ఆవిడ నయం, ఆవిడ నా ఎంగిలినీ ఎంగిలే అంది. ఆ క్లబ్బులో స్పాంజి పట్టుకుని పాడినవాళ్లూ నయం.

పాట మొదలుపెట్టాం. తాళం ఎక్కడా తప్పలేదు. నేను చరణంలో ఆగినప్పుడు ఆ నాలుగు దెబ్బలూ ఆయన లెక్కగా కొట్టాడు, ముక్తాయింపు వెయ్యలేదు. టీ తాగాక మేమెప్పుడూ గ్లాసులు ట్రేలో పెట్టేసేవాళ్లం. ఆ రోజు ఆయన తన గ్లాసు తీసుకుని కుళాయి దగ్గరకు వెళ్లి, తనే కడిగి, గోడ పక్కన విడిగా బోర్లించాడు. నేను చూస్తూ కూర్చున్నాను. లేచి ఒక్క మాట అనవచ్చు. తప్పయిపోయిందండీ అంటే ఆయన పెద్ద మనసుతో నవ్వేసేవాడేమో. నోరు రాలేదు. స్కూటరెక్కి వచ్చేశాను.

శ్రావణం వచ్చింది. ఫోన్ చేస్తే, "ముహూర్తాలండి, ఊపిరాడటం లేదు" అన్నాడు. నిజమే, శ్రావణంలో రోజుకు రెండేసి పెళ్లిళ్లు.

ఈలోగా ఆ పూర్తి ట్రాకు కొన్నాను. అందులో ఆ ఆడగొంతు లేదు. చరణం మధ్యలో వయొలిన్లు చక్కగా సాగిపోతాయి. నేను మాత్రం ఇంకా అక్కడ ఆగుతూనే ఉన్నాను. నేను ఆగినచోట వయొలిన్లు నన్ను వదిలేసి ముందుకు పోతుంటాయి. పై స్వరం మళ్లీ పీలగా, పక్కకు జరిగి పడుతోంది.

భాద్రపదం వెనక సగం మహాలయ పక్షం. ఆ పదిహేను రోజులూ పితృదేవతలవి. శుభకార్యం అనేది ఉండదు, మేళం అనేది మోగదు. నాన్న తిథి కూడా అందులోనే వస్తుంది. ఆ రోజు పొద్దున్నే తర్పణం వదిలి, తడి వేళ్లు తుడుచుకుని, ఆయనకు ఫోన్ చేశాను. క్షమించమని అడగడానికే చేశాను. ఆయన గొంతు వినగానే మళ్లీ చేతకాక, "మిల్లు ఇంకా ఖాళీగానే ఉందట. ఈ గురువారం వస్తారా?" అని మాత్రం అడిగాను.

"రావాలనే ఉందండీ మాస్టారూ" అన్నాడు, ఎప్పటిలాగే మర్యాదగా. "కానీ ఈ పక్షం అంతా పెళ్లిళ్లేనండి. వరసగా ముహూర్తాలు."

పురోహితుడి కొడుకుతో ఆ మాట అంటున్నానని ఆయనకు తెలుసు.

"అలాగేనండి. మంచి ముహూర్తాలు" అన్నాను.